రేగడిని ఖాళీగా ఉంచితే తడి దాగదు

కర్నూలు, నంద్యాల వైపు రబీ శనగ వేసే నల్లరేగడి చేలు చాలావరకు వానాకాలమంతా ఖాళీగానే ఉంటాయి. పడిన వాననంతా నేల తాగి దాచుకుని, అక్టోబరులో శనగకు ఇస్తుందని రైతు లెక్క. అందులో నిజం ఉంది. మీటరున్నర లోతున్న రేగడి పంటకు అందేలా సుమారు 200 మిల్లీమీటర్ల నీటిని పట్టుకోగలదు. అయితే ఆ నీళ్లు ముందు లోపలికి దిగాలి కదా! ఎండలకు చెయ్యి దూరేంతగా నెర్రెలిచ్చిన నేల తొలకరి వానను గటగటా తాగేస్తుంది. ఆ తడికే బంకమన్ను ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. తర్వాత పడే పెద్ద చినుకులకు పైమట్టి చితికి పొరకడుతుంది, నీళ్లు దాని మీదుగా జారి మట్టితో సహా వాగులో కలుస్తాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976లో మొదలైన పోలిక ప్రయోగంలో, వానాకాలం ఖాళీగా ఉంచిన రేగడి నుంచి ఏటా హెక్టారుకు సగటున 6 టన్నులకు పైగా మట్టి కొట్టుకుపోయింది. ఎత్తుమడులు కట్టి వానాకాలంలోనూ పైరు ఉంచినచోట పోయింది 2 టన్నుల లోపే. అందులో మడుల వాటా కూడా ఉంది, ఘనతంతా పైరుదే అనను.

అందుకే తొలకరికి ముందే పొడి దుక్కిలో జనుము, పిల్లిపెసర, అలసంద కలిపి చల్లుకోవాలంటాను. ప్రకృతి సాగు రైతులు నవధాన్యాలు చల్లేదీ ఈ పద్ధతిలోనే. జనుము ముంపుకు ఆగదు కాబట్టి నీళ్లు నిలిచే పల్లంలో జీలుగ మేలు. ఆకు చినుకు దెబ్బ కాస్తుంది, వేరు కుళ్లిన దారి వెంట నీళ్లు కిందికి దిగుతాయి. నెల దాటిన జీలుగ మొక్కను పారతో లేపి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే నత్రజని పట్టే పని సాగుతున్నట్టే.

శనగకు దాచిన తడిని ఈ పైరే తాగేయదా అంటారు. న్యాయమైన భయమే, తాగుతుంది కూడా. అందుకే 45 రోజులకు, పూత ముదరకముందే, ఆగస్టు దాటకుండా కోసేయాలి. ఇక్కడ సెప్టెంబరు మంచి వానల నెల, తాగిన తడి తిరిగి చేరడానికి అదే అదును. వానలు మొహం చాటేసిన ఏడాది రొట్ట మీద ఆశ పెట్టుకోక నెలకే కోసేయడం మంచిది. తడి రేగడిలో నాగలి పెడితే గడ్డలు ఇటుకల్లా బిగుస్తాయి కాబట్టి, కోసిన రొట్టను నేల మీదే పరిచి వదిలేయాలి. ఎకరమంతా ఒకేసారి నమ్మి చేయనక్కర్లేదు. సగంలో చల్లి, సగం మామూలుగా వదిలి, శనగ వేసే ముందు రెండు చోట్లా ఇనుప చువ్వ గుచ్చి చూడాలి. తడి ఉన్నంత లోతుకే అది సులువుగా దిగుతుంది.