ఉన్నా అందని బలం

ఈ వారం మళ్ళీ విని చిరాకుపడ్డ మాట: "మట్టి పరీక్షలో తేడా ఏమీ లేదు, ఇంకో బస్తా వేస్తే పంట అదే లేస్తుంది." ఆ పరీక్ష ఫలితాలిచ్చే, 2015లో మొదలైన భూసార పత్రంలో నత్రజని నుంచి బోరాన్ దాకా, పీహెచ్, ఈసీ (విద్యుత్ వాహకత)లతో కలిపి 12 అంశాలుంటాయి. సోడియం లేదు. గుడియాత్తం, పేర్ణాంబట్టు, వేలూరు వైపు పాలారు పరీవాహకంలో అది చిన్న లోటు కాదు. పచ్చి తోళ్ళు కుళ్ళకుండా పట్టించే ఉప్పు, కడిగిన నీళ్ళతో నేలకు చేరింది. ఈ తోళ్ళ పరిశ్రమల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్లు కొంతో పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయాయన్న వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాథమిక సర్వేను 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పే ప్రస్తావించింది. అందరి నోటా క్రోమియమే. భయపడాల్సిందే, కానీ తోలు పదునుకు వాడే రకం క్రోమియం చాలావరకు మట్టినే అంటిపెట్టుకుంటుంది. పైరును పస్తు పెట్టడంలో పెద్ద చెయ్యి సోడియానిది.

ఎండిన మట్టిపెళ్ళను గ్లాసెడు వాననీళ్ళలో వేసి కదపకుండా వదలండి. మంచి నేలదైతే విరిగినా అడుగునే కూర్చుంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి. సోడియం పట్టిన బంకమట్టి అయితే పెళ్ళ చుట్టూ పాలలాంటి మబ్బు లేస్తుంది, గంటలు గడిచినా దిగదు. పొలంలో ఆ మబ్బే మట్టి సందులు పూడ్చేసి, ఎండగానే పెంకు కడుతుంది. గాలి ఆడని వేరుకు పోషకాన్ని లోపలికి లాక్కునే సత్తువ ఉండదు. పొటాష్ వెళ్ళే దారిలో సోడియం అడ్డుపడుతుంది. పీహెచ్ 8.5 దాటిన కారుచౌడులో జింకు, ఇనుము ఉన్నా కరగవు.

పత్రంలో ఈసీ, పీహెచ్ ఉన్నాయిగా, చాలవా అనవచ్చు. ఈసీ ఉప్పులన్నిటినీ కలిపి కొలుస్తుంది, అందులో సోడియం వాటా చెప్పదు. మంచి వాన పడితే విడి ఉప్పు కిందికి దిగి ఈసీ తగ్గుతుంది. బంకమట్టిని పట్టుకున్న సోడియం మాత్రం చాలావరకు అక్కడే ఉండి, మట్టిని మరింత చెదరగొడుతుంది. పీహెచ్ అనుమానం రేపుతుందే కానీ ఎంత జిప్సం వేయాలో దానితో తేలదు.

కనుక పత్రంలో పదమూడో గడి కావాలని అడగబోయాను. కానీ జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేశాక, దాన్ని పొలం దాటించాల్సింది నీళ్ళే. బావిలోనే ఉప్పు నీళ్ళుంటే పోయిన సోడియం తడి తడికీ తిరిగొస్తుంది. ఇక్కడ ముందు సీసాలో పట్టి పరీక్షకు పంపాల్సింది బావి నీళ్ళు. మట్టి పొట్లం ఆ తర్వాత.