గోటి మీద కత్తి

ప్రతి ఆచారం వెనకా సైన్సు ఉందనే వాదన ఈ వారం యూదుల మాంసం నియమాల దాకా వెళ్లింది. ఫ్రిజ్‌లు లేని ఎండ దేశంలో జబ్బులు రాకుండా పెద్దలు పెట్టుకున్న జాగ్రత్తలట అవి. పసుపు మీద, వేపాకు మీద, గడప ముగ్గు మీద ఈ కాలమ్‌లో నేను పడిన పేచీలు గుర్తున్నవారు నా చికాకును ఈపాటికి ఊహించే ఉంటారు. యూదుల ధర్మగ్రంథమైన తల్మూద్‌లో పశువధ నియమాలకు ‘హుల్లిన్’ అని ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. అది తెరిస్తే ఈ ఆరోగ్య సిద్ధాంతం రెండడుగులు కూడా వెయ్యలేదు. ఊపిరితిత్తికి చిల్లు పడిన ఆవును పద్ధతి ప్రకారం కోస్తే, మాంసం తినకూడదు గానీ ఆ కళేబరం మైల కాదు. నిండు ఆరోగ్యంతో ఉన్న ఆవును కోస్తూ కత్తిని మధ్యలో ఆపారా, అది దానంతటది చచ్చిన పశువుతో సమానం. తినకూడదు సరికదా తాకినా, మోసినా మైల. రోగిష్టి పశువుకు లేని మైల ఆరోగ్యంగా ఉన్నదానికి అంటడం ఏ వైద్యం? మడికీ శుభ్రతకీ ఉన్న తేడా తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. మడిబట్ట ఎంత తెల్లగా ఉన్నా చెయ్యి తగిలితే పోయినట్టే; సబ్బుకు అక్కడ పనిలేదు.

ఆరోగ్యం కాకపోతే దయ అయ్యుండాలి అంటారు. ఈ మాటకు బలముంది, కాస్త ఆగి చూడాలి. కత్తి అంచున నలుసంత గంటైనా ఉండకూడదు. అంచునూ రెండు పక్కలనూ వేలి కండ మీదా గోటి మీదా నడిపి పరీక్షించాలని తల్మూద్ పండితుడు రవ్ పాపా చెప్పాడు. కంటికి దొరకని గంటు గోటికి దొరుకుతుంది. తన కత్తిని పండితుడికి చూపించని కసాయిని వెలివేయమన్నాడు రవ్ హూనా. కోతలో తప్పులు ఐదు: ఆగడం, అదమడం, కత్తి చర్మం కింద దాగిపోవడం, గొంతు మీది హద్దు దాటడం, నాళాలు తెగకుండా ఊడిరావడం. పక్షికి ఆహారనాళం, శ్వాసనాళాల్లో ఏదో ఒకటి సగానికి మించి తెగితే చాలు, పశువుకు రెండూ తెగాలి. తల్లినీ పిల్లనూ ఒకేరోజు కోయకూడదు. ఇవన్నీ చదివితే మూగజీవి నొప్పి తప్ప వేరే ధ్యాస లేనివాళ్లు రాశారనిపిస్తుంది. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ తన తాత్విక గ్రంథంలో ఆ మాటే అన్నాడు. మాంసం తినక తప్పదు కాబట్టి చావైనా సులువుగా ఉండాలని ఈ నియమమట.

కానీ అదే మైమోనిడీస్, అదీ వృత్తిరీత్యా వైద్యుడు, తన ధర్మశాస్త్రంలో ఏమన్నాడు? పశువును తినడానికి పనికిరాకుండా చేసే ప్రాణాంతక లోపాల జాబితాలో ఫలానాది ప్రాణాంతకం కాదని వైద్యం తేల్చినా, జాబితా మారదన్నాడు. తల్లిపక్షిని తోలేశాకే గూట్లో పిల్లలను తీసుకోవాలన్న ఆజ్ఞ ఉంది. దాన్ని దేవుడి కరుణగా ప్రార్థనలో పొగిడేవాడి నోరు మూయించమంటుంది తల్మూద్‌కు మూలమైన మిష్నా. ఆజ్ఞను జాలిగా మార్చేస్తున్నాడని తల్మూద్ చెప్పే కారణాల్లో ఒకటి. మెడ ముందునుంచి కోస్తేనేం, వెనకనుంచి కోస్తేనేం, దేవుడికి పోయేదేమిటని ఆదికాండం మీది పాత వ్యాఖ్యానం ‘బెరేషిత్ రబ్బా’ సూటిగా అడిగి, ఆజ్ఞలిచ్చింది మనుషులను పుటం పెట్టడానికని తనే జవాబు చెబుతుంది. ఈ లెక్కన గోటి మీద కత్తి నడిపేది కోసేవాడి చేతిని పరీక్షించడానికి. ఇప్పుడు యూరప్ గొడవ చూడండి. స్పృహ తప్పించాకే కోయాలని స్విట్జర్లాండ్ 1893లో ప్రజల ఓటుతో శాసించింది. బెల్జియంలోని ఫ్లాండర్స్ అదే దారి పట్టింది, 2020 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాన్ని సమర్థించింది. యూదుల అసలు అభ్యంతరం ధర్మశాస్త్రపరమైనది. స్పృహ తప్పించడానికి తలలో మేకు దించితే మెదడు పొరకు చిల్లు పడుతుంది, ఆ చిల్లు జాబితాలో ఉన్న లోపమే. అలా అనడం మాని, మెదడుకు రక్తం ఎన్ని క్షణాల్లో ఆగుతుందో లెక్కలు చూపేవాళ్లు వారిలోనూ ఉన్నారు. వాళ్లకూ అంటింది మన సైన్సు జబ్బు.

ఇక్కడితో ముగిస్తే గెలిచినట్టే ఉండేది. అడ్డం పడేది పరాయివాళ్లు కాదు, తల్మూదే. నియమానికి కారణం అక్కర్లేదంటే, మరి ఆ పశువుకేం జవాబు చెబుతారు? వధకు తీసుకెళ్తున్న దూడ ఒకటి రబ్బీ యెహూదా హనాసి అంగీలో తలదూర్చి ఏడ్చిందట. నిన్ను పుట్టించిందే ఇందుకు, వెళ్లమన్నాడాయన. పక్షిగూటి దయను పొగిడేవాడి నోరు మూయించిన మిష్నాను కూర్చింది ఈయనే. చెప్పిన మాటలో శాస్త్రవిరుద్ధమైనది ఏదీ లేదు. అయినా జాలి చూపలేదని 13 ఏళ్లు నొప్పులు అనుభవించాడని తల్మూద్ రాసుకుంది. పశువు నొప్పి గురించి అడిగేవాళ్లందరినీ పసుపు, వేపాకు వాళ్లతో కలిపి జమకట్టడం నా తొందరపాటు, ఒప్పుకుంటాను. ఆ కథ అక్కడ ఆగలేదు కూడా. ఒకరోజు పనిమనిషి ఇల్లు ఊడుస్తూ, ముంగిసలాంటి చిన్న జంతువు పెట్టిన పిల్లలు కనిపిస్తే చీపురుతో బయటికి తోసేయబోయింది. ఉండనివ్వమన్నాడు రబ్బీ. నొప్పులు ఆరోజే తగ్గాయి. ఆ పిల్లలను ఉండనివ్వాలని హుల్లిన్‌లో ఏ నియమమూ లేదు.