విజువల్ నావెల్: జవాబు మాత్రమే కనిపించే కథ

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలలో సీత, సన్యాసి వేషంలోని రావణుడు, బంగారు లేడి బొమ్మలున్నాయి. వాటి మాటలను కథ తెలిసిన యాత్రికుడే మనసులో పూరించుకుంటాడు. విజువల్ నావెల్‌లోనూ బొమ్మకు, మాటకు, పాఠకుడి పూరణకు ఇలాంటి సంబంధమే ఉంది. తెరపై బొమ్మ, కింద సంభాషణ, మధ్యమధ్య పాఠకుడు చేయవలసిన ఎంపిక దాని సాధారణ రూపం.

దీన్ని ఒక్కరే నిర్మించాలంటే రచన, చిత్రణ, ప్రోగ్రామింగ్ మూడూ మీద పడతాయి. 2004లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ రెన్‌పై ప్రోగ్రామింగ్‌ను తేలిక చేసింది. బొమ్మల భారం మిగిలింది. కెనడా రచయిత్రి క్రిస్టీన్ లవ్ 2010లో ‘డిజిటల్: ఎ లవ్ స్టోరీ’లో ఆ భారాన్ని దాదాపు దించేసుకున్నారు. కథాకాలం 1988, తెరంతా ఒక పాత కంప్యూటరే. అందులో ముఖాలు లేవు, టెలిఫోన్ తీగపై వచ్చే సందేశాలే ఉన్నాయి.

అసలు సాహసం మరొకటి. పాఠకుడు పంపిన సందేశాలు తెరపై కనిపించవు, వచ్చిన జవాబులే కనిపిస్తాయి. తానేం రాశాడో, ప్రేమను ఎలా చెప్పాడో జవాబును బట్టి ఊహించుకోవాలి. దీన్ని ఒంటిచేతి రచయిత్రి పొదుపుగా మాత్రమే చూసే విమర్శ చాలదు. అయితే ఫోన్ నంబర్లను పదేపదే చేత్తో కొట్టించడం విసుగు పుట్టిస్తుంది. అందులో కొంత ఆనాటి వాతావరణం, కొంత లోపమే.

ఈ పద్ధతిని పర్ణశాల కథకు అన్వయించి చూడండి. లక్ష్మణుణ్ణి పంపించేందుకు సీత పలికిన పరుష వాక్యాలను దాచి, అతని జవాబు ఒక్కటే తెరపై చూపితే, ఆ మాటలు అన్నది పాఠకుడే అవుతాడు.