పిట్టల లెక్క

పిట్టల్ని లెక్కపెట్టేటప్పుడు మొదటి నియమం, కూడకూడదు. పొద్దున్నే గింజల గొట్టం దగ్గర మూడు చికడీలు కనిపిస్తాయి. కాఫీ కలుపుకుని వచ్చేసరికి రెండుంటాయి. పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి వచ్చాక చూస్తే నాలుగు. మొత్తం తొమ్మిది అని రాసెయ్యాలనిపిస్తుంది. రాయకూడదు. మూడుసార్లూ వచ్చినవి ఆ నాలుగే కావచ్చు కదా! అందుకని ఒక్క చూపులో కంటబడిన పెద్ద అంకె ఏదో అదే రాయాలి. నాలుగు.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో మా ఇంటిల్లిపాదీ చలికాలమంతా చేసే పని ఇది. ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్ అంటారు. 1976లో కెనడాలోని ఒంటారియోలో మొదలై, 1987 నుంచి ఉత్తర అమెరికా అంతటా పాకింది. ఇప్పుడు దాన్ని నడిపేది మా ఊళ్ళోనే ఉన్న కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, కెనడాలోని బర్డ్స్ కెనడా సంస్థ కలిసి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, పెరట్లో పిట్టలకు మేత పెట్టేవాళ్ళెవరైనా వరసగా రెండేసి రోజులు చూసి తమ అంకెలు పంపవచ్చు. చదువులూ డిగ్రీలూ అక్కర్లేదు. కళ్ళుండాలి, ఓపిక ఉండాలి.

మా అమ్మాయికి పిట్టల పేర్లన్నీ కంఠతా వచ్చు. తలకిందులుగా చెట్టు బోదె మీంచి దిగివచ్చే నట్‌హాచ్ అంటే దానికి ప్రాణం. నవంబరులో ఎండ బాగా కాసి, అడవిలో గింజలు దండిగా ఉన్న రోజుల్లో మా పెరటివైపు ఒక్క పిట్టా రాదు. “ఏం రాలేదు నాన్నా, ఇవాళ పంపొద్దులే” అంటుంది. సున్నా వెయ్యమంటాను. వచ్చిన రోజులే రాసి రాని రోజులు వదిలేస్తే, ఆ పట్టిక చూసినవాళ్ళకి పిట్టలు ఎప్పుడూ ఉన్నట్టే తోస్తుంది. 1970 నుంచి ఉత్తర అమెరికాలో దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో కెన్ రోజెన్‌బర్గ్ బృందం ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. పదింట దాదాపు మూడు లేవన్నమాట. అంత పెద్ద మాట అనగలిగారంటే, ఏటేటా వేకువనే లేచి పిట్టల్ని వెతికి అంకెలు రాసి పెట్టిన వేలమంది ఔత్సాహికుల చలవే అది చాలావరకు.

నేను పాఠాలు చెప్పేది భాషాశాస్త్రం. అందుకేనేమో, అన్ని పిట్టల్లోకీ చికడీ మీదికే నా మనసు పోతుంది. నల్ల టోపీ, నల్ల గడ్డం, తెల్లటి బుగ్గలు. తూచితే పన్నెండు గ్రాములు ఉంటుందేమో. ఒక్కటంటే ఒక్క పొద్దుతిరుగుడు గింజ నోట కరుచుకుని కొమ్మ మీదికి పోతుంది. గింజను రెండు కాళ్ళ మధ్యా నొక్కిపట్టి, ముక్కుతో ఠకఠకా కొట్టి పప్పు తింటుంది. ఆకురాలు కాలంలో తినకుండా దాచేవే ఎక్కువ. చెట్టు బెరడు సందుల్లో చోటుకొకటి చొప్పున దాచి, ఎక్కడెక్కడ దాచిందో గుర్తుపెట్టుకుని వెతుక్కుంటుంది. గడ్డకట్టే రాత్రుల్లో ఒంటి వేడిని పది డిగ్రీల మేర తగ్గించుకుని తెల్లవార్లూ నెట్టుకొస్తుంది.

ఇక దాని కూత. చికడీ-డీ-డీ అంటుంది, పేరు దాన్నుంచే వచ్చింది. ఆ చివరి ‘డీ’లు ఎన్ని అనేదాంట్లో సమాచారం ఉందని 2005లో మోంటానా విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ప్రమాదం ఎంత పెద్దదైతే అన్ని ‘డీ’లు. తమాషా ఏమిటంటే, భారీ గుడ్లగూబను చూసినప్పటికన్నా పిడికెడు గుడ్లగూబను చూసినప్పుడే ఎక్కువ ‘డీ’లు పలుకుతుంది. చిట్టి పిట్టను చటుక్కున మలుపు తిరిగి పట్టగలిగేది ఆ చిన్నదే. క్లాసులో ఈ సంగతి చెప్పిన రోజున ఒక్కరూ ఫోన్ వంక చూడరు.

గొట్టాలు కడగడం మా ఆవిడ పట్టుదల. రెండు వారాలకోసారి అన్నీ విప్పి, తొమ్మిది పాళ్ళ నీళ్ళలో ఒక పాలు బ్లీచు కలిపి నానబెట్టి, తోమి, పూర్తిగా ఆరాకే మళ్ళీ గింజలు పోస్తుంది. ఆ పట్టుదలంటే నాకెంతో గౌరవం. 1994 చలికాలంలో వాషింగ్టన్ చుట్టుపక్కల హౌస్ ఫించ్‌ల కళ్ళు వాచి మూసుకుపోవడం కనిపెట్టింది ఇలా ఇళ్ళ దగ్గర మేత పెట్టేవాళ్ళే. దానికి కారణం కోళ్ళకు సోకే మైకోప్లాస్మా బాక్టీరియా. కొన్నేళ్ళలోనే తూర్పు రాష్ట్రాలన్నిటికీ అంటుకుంది. జబ్బుపిట్ట కనబడితే మేత తీసెయ్యాలి, లేకపోతే ఒకచోట చేరి ఒకదాన్నుంచి ఒకదానికి అంటించుకుంటాయి. పిల్లలు బతిమాలినా ఆవిడ వినదు, దించేస్తుంది.

నా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా సొంత ఊళ్ళో కోతలయ్యాక నాన్న వరికంకుల్ని కుచ్చుగా అల్లి ఇస్తే, అమ్మ వసారా దూలానికి వేలాడదీసేది. పిచ్చుకలు దాన్ని పట్టుకుని ఊగుతూ ఒక్కో గింజా వలుచుకు తినేవి, కింద అరుగంతా పొట్టు. “ఇప్పుడు పిచ్చుకలు లేవురా” అంటుంది అమ్మ. ఎప్పటినుంచి లేవంటే చెప్పలేదు. అప్పట్లో ఎన్నుండేవో మేమెవరం రాసిపెట్టుకోలేదు. మన దేశపు పక్షుల స్థితిగతుల మీద 2020లో వచ్చిన నివేదిక చదివాను. దేశం మొత్తం మీద పిచ్చుకలు దాదాపు నిలకడగానే ఉన్నాయనీ, హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గుతున్నాయనీ అందులో ఉంది. ఆ నివేదికకు ముడిసరుకు మామూలు మనుషులు ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేసిన జాబితాలే. అలాగని అమ్మ మాట తప్పని కాదు. దేశం లెక్కలో ఒక్క వసారా సంగతి తేలదు. అది ఆ ఇంట్లోవాళ్ళు రాసుకుంటేనే ఉంటుంది.

ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులపాటు ప్రపంచమంతా సాగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో ఇప్పుడు అమ్మ కూడా చేరింది. దానికి పావుగంట చూస్తే చాలు. ఇక్కడ రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి ఫోన్ చేస్తుంది, అప్పటికి అక్కడ తెల్లవారుతుంటుంది. అమ్మ మేడ మీద కుర్చీ వేసుకుని చెబుతుంది, ఇది రాసుకుంటుంది. గోరింకలు ఐదు, పికిలిపిట్టలు రెండు, జెముడుకాకి ఒకటి.

“జెముడుకాకి అంటే ఎలా ఉంటుంది నానమ్మా?”

“ఒళ్ళంతా నలుపు, రెక్కలు ఇటుకరంగు. కళ్ళు ఎర్రగా నిప్పుల్లా ఉంటాయే.”

అది గబగబా బొమ్మలు వెతికి, సరిచూసుకుని, అప్పుడు వేస్తుంది అంకె. వచ్చే ఏడాది పక్కింటి పిల్లల్ని కూడా మేడ మీదికి పిలుస్తానంది అమ్మ. వాళ్ళకి పంపడానికి మా అమ్మాయి ఇప్పటినుంచే రంగు పెన్సిళ్ళతో మన ఊరి పిట్టల పటం గీస్తోంది. కొంగ దాకా వచ్చింది.