ఈడెన్‌కు తెలిసిన హైదరాబాద్ మణికట్టు

ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని మిడ్‌వికెట్ వైపు తిప్పితే కోచ్‌లు తిడతారు. హైదరాబాద్ వాళ్లు ఆ తప్పునే విద్యగా మార్చారు. అదెలా వచ్చిందంటే కొందరు మ్యాటింగ్ పిచ్‌ల మీద ఆడి ఆడి అబ్బిందంటారు, కొందరు తేలిక బ్యాట్ల పుణ్యం అంటారు. ఏదైనా కానివ్వండి, చూడాల్సింది బంతి బ్యాటుకు తగిలే క్షణం. బంతిని కళ్ల కిందికి రానిస్తారు. బ్యాట్ నిటారుగానే దిగుతుంది. ఆఖరి రెప్పపాటులో, తాళంచెవి తిప్పినట్టు, మణికట్టు తిరుగుతుంది. భుజానికి శ్రమ ఉండదు. బౌలర్ ఇచ్చిన వేగంతోనే బంతి బౌండరీకి పోతుంది.

చిత్రంగా, మనవాళ్ల ఘనతలకు కోల్‌కతా ఈడెన్ గార్డెన్సే సాక్షి. 1960 జనవరిలో ఆస్ట్రేలియాపై ఎం.ఎల్. జయసింహ టెస్టు ఐదు రోజులూ బ్యాటింగ్ చేశాడు. అంతకుముందు ప్రపంచంలో ఎవరూ చేయని పని అది. కాలరెత్తిన ఆ మనిషి సొగసు గురించే అందరూ చెబుతారు, ఆ ఓపిక గురించి చెప్పరు!

1984 డిసెంబరు 31న మొదలైన టెస్టుతో అజహరుద్దీన్ అక్కడే అరంగేట్రం చేసి 110 కొట్టాడు. తర్వాత చెన్నైలో 105, కాన్పూర్‌లో 122. ఆడిన తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు చేసినవాడు ప్రపంచం మొత్తంలో నేటికీ అతనొక్కడే. 1996లో అదే ఈడెన్‌లో దక్షిణాఫ్రికాపై 74 బంతుల్లో సెంచరీ, అందులో క్లూసెనర్‌కు వరసగా ఐదు ఫోర్లు! లెక్క 99 టెస్టుల దగ్గరే ఆగింది. దాని వెనక గొడవలు నాకిక్కడ అక్కర్లేదు. ఆ ఆఖరి టెస్టులోనూ సెంచరీ ఉంది, అది చాలు.

ఇక లక్ష్మణ్. అదే ఈడెన్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు, 2001 మార్చి 14, నాలుగో రోజు. 274 పరుగులు వెనకబడి ఫాలోఆన్ ఆడుతున్న మనం ఉదయం 254/4, సాయంత్రం 589/4. రోజంతా ఒక్క వికెట్ పడలేదు. షేన్ వార్న్ లెగ్ స్టంప్ బయట గరుకులో వేసి గిర్రున తిప్పుతున్నాడు. లక్ష్మణ్ ముందుకొచ్చి కవర్స్‌లోకి కొట్టాడు. అలాంటి బంతినే ఇంకోసారి మిడ్‌వికెట్‌లోకి పంపాడు. ఫీల్డర్ ఎక్కడ నిలబడాలి? 452 బంతులు, 44 ఫోర్లు, 281 పరుగులు. అవతల ద్రవిడ్ 180. ఇద్దరి భాగస్వామ్యం 376. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా 171 పరుగుల తేడాతో ఓడింది. ఆ ఇన్నింగ్స్ టేపు దొరికితే ఇప్పటికీ అన్నం చల్లారిపోయేదాకా చూస్తాను.

281ని తర్వాత దాటినవాళ్లున్నారు. దాటింది అంకెను, ఆ ఆటను కాదు. ఇప్పుడు రికార్డులు రోజుకొకటి పుడుతున్నాయి. బౌండరీ తాడు లోపలికి జరిపారు, బ్యాట్ అంచులు లావెక్కాయి, పిచ్‌లు చదునయ్యాయి. గాల్లోకి లేపిన ప్రతిదాన్నీ మైలురాయి అంటుంటే ఒళ్లు మండుతుంది. 2024లో మన తిలక్ వర్మ దక్షిణాఫ్రికాలో వరసగా రెండు టీ20 సెంచరీలు చేసినప్పుడు మాత్రం మనసారా చప్పట్లు కొట్టాను. ఎడమచేతివాడైనా అతని ఫ్లిక్‌లో మన ఊరి వాసన ఉంది.

మొన్న ఒక శిక్షణ శిబిరం పక్కనుంచి పోతూ ఆగాను. పన్నెండేళ్ల పిల్లాడు, చేతిలో వాడికి మించిన బరువు బ్యాటు. ఆఫ్ స్టంప్ మీద పడ్డ బంతిని ఎవరూ నేర్పకుండానే అలవోకగా ఆన్‌సైడ్‌కు తిప్పాడు. "తిప్పకురా, ఎత్తి కొట్టు!" అని కోచ్ అరిచాడు. అయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఆ చేతుల జోలికి పోకండి. మీ కేక పూర్తయ్యేలోపే బంతి అవతలి వలకు తగిలి కింద పడింది.