వ్యాఖ్యాత లేని ప్రచారచిత్రం

యుద్ధకాలపు ప్రచారం గురించి పాఠమంటే ఎక్కువగా పోస్టర్లతోనే మొదలుపెడతారు. సైన్యంలో చేరమని వేలెత్తి చూపే బ్రిటిష్ యుద్ధమంత్రి కిచెనర్ బొమ్మను పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఇక ఏ ప్రచారమైనా తమకు అంత తేలిగ్గానే దొరుకుతుందనుకుంటారు. నన్నడిగితే ‘లిజన్ టు బ్రిటన్’తో మొదలుపెట్టమంటాను. 1942లో హంఫ్రీ జెన్నింగ్స్, స్టూవర్ట్ మెక్‌అలిస్టర్ కలిసి తీసిన ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ అది. తీయించింది బ్రిటిష్ సమాచార శాఖ. ముమ్మాటికీ ప్రచారమే. కానీ ఇది చూడు, ఇలా అనుకో అని చెప్పే గొంతు అందులో లేదు.

గాలికి ఊగే గోధుమ చేలు, వాటి పైన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల రొద. రాత్రి బ్లాక్‌పూల్ టవర్ బాల్‌రూమ్‌లో కిక్కిరిసి తిరిగే జంటలు. రైలుపెట్టెలో అకార్డియన్‌తో గొంతు కలిపే కెనడా సైనికులు. ఒక ఇల్లాలు కిటికీలోంచి బడి ఆవరణలో ఆడుకుంటున్న పిల్లల్ని చూస్తుంది. వెంటనే తెర మీద యూనిఫాంలో ఉన్న ఒకతని ఫోటో. అతనెవరో, ఎక్కడున్నాడో ఎవరూ చెప్పరు. చెప్పనందుకే ఆ బెంగ మనదైపోతుంది.

ఆ తర్వాత వచ్చే ఘట్టాన్ని ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఫ్లానగన్, అలెన్ అనే హాస్యగాయకుల జంట పాడుతుంటుంది. ఎదురుగా భోంచేస్తున్న కార్మికులు. ఆ పాట ఆగీ ఆగకముందే మోజార్ట్ పియానో కచేరీలోకి ఒదిగిపోతుంది. కళ్ళెదుట లండన్ నేషనల్ గ్యాలరీ. చిత్రాలన్నీ బాంబులకు భయపడి వేల్స్‌కు తరలించేశారు, మిగిలినవి ఖాళీ చట్రాలు. పియానో ముందు మైరా హెస్. శ్రోతల్లో ఆరో జార్జ్ రాజు భార్య రాణి ఎలిజబెత్ ఉంది, అందరిలో ఒకతెగా. సంగీతం అక్కడితో ఆగదు. ట్రఫాల్గర్ స్క్వేర్ మీదుగా సాగి, ట్యాంకులు తయారయ్యే కర్మాగారం చేరి యంత్రాల మోతలో కలిసిపోతుంది. క్యాంటీన్ పాటకీ, మోజార్ట్‌కీ, ట్యాంకుకీ మధ్య అతుకే కనబడదు. అంతస్తుల తేడాలు అంతగా పాతుకుపోయిన దేశం ఆ కాసేపూ ఒకే ఊపిరి తీస్తున్నట్టుంటుంది. ఇంతకన్నా అందమైన కూర్పు నేనెరగను, ఇంతకన్నా బలమైన ప్రచారమూ ఎరగను.

అందుకే పిల్లల్ని ముందు పరవశించనివ్వాలి. రెండోసారి తెర కప్పేసి చెవులతోనే విననివ్వాలి. అప్పుడు అడగాలి, ఇందులో వినపడనివి ఏమిటని. బాంబు పేలుడు లేదు. ఏడుపు లేదు. తెలుగు పిల్లల్నైతే ఇంకొకటి కూడా అడగాలి, చివరి పాట మన చెవికి ఎలా వినబడుతుందని. చివర్లో, బ్రిటన్ ప్రజలు ఎన్నటికీ బానిసలు కారని చాటే ‘రూల్ బ్రిటానియా’ మోగుతుంది. అదే 1942లో, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆగస్టులో క్విట్ ఇండియా అన్నందుకు గాంధీనీ నెహ్రూనీ బ్రిటిష్ పాలకులు నిర్బంధించారు. ఇంత తెలిసీ ఆ పాటకు నా ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పులకరింతను పిల్లల దగ్గర దాచను.

వ్యాఖ్యానం లేకపోతే అమెరికా వాళ్ళకు అర్థం కాదేమోనని ఈ చిత్రానికి ఒక ముందుమాట అతికించారు. లియొనార్డ్ బ్రాకింగ్టన్ అనే కెనడా పెద్దమనిషి తెర మీదికొచ్చి మనం ఏం వినబోతున్నామో వివరిస్తాడు. దాన్ని తరగతిలో ఆఖరున చూపించాలి. ఇది ప్రచారమని పిల్లలు వెంటనే అంటారు. అప్పుడు ఆ ఇల్లాలినీ, ఆ ఫోటోనీ మళ్ళీ వేసి, మరి ఇదో అని అడగాలి.