ఎండుమిర్చి, డబ్బా టమాటా, కాలిన పెనం

సల్సా అనగానే మనవాళ్లకు చిప్స్ పక్కన కప్పులో వచ్చే పచ్చి టమాటా ముక్కలు గుర్తొస్తాయి. మెక్సికో ఇళ్లలో నూరుకునే సల్సాల్లో చాలావాటికి ఎండుమిర్చే ఆధారం. కూరగాయలు నిండుకున్న రోజున కూడా అల్మరాలో ఉన్న సరుకుతో అరగంటలోపే తయారవుతుంది.

అక్కడ కాయ ఎండితే పేరూ మారుతుంది, రుచీ మారుతుంది. మిరాసోల్ ఎండితే గువాహీయో: రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. పొబ్లానో ఎండితే ఆంచో, అందులో ఎండుద్రాక్ష లాంటి తీపి. పండిన హలపేన్యోను పొగబెట్టి ఆరబెడితే చిపోట్లే. ఘాటు కావాలంటే సన్నటి ఆర్బోల్ ఉండనే ఉంది. ఇదంతా నిన్నమొన్నటి అలవాటు కాదు. 16వ శతాబ్దంలో స్పానిష్ సన్యాసి బెర్నార్దినో దె సహగూన్ నాహువా ప్రజల సాయంతో కూర్చిన గ్రంథంలో, మిరప, టమాటా, గుమ్మడి గింజలతో చేసిన సల్సాలు అంగడిలో అమ్మేవారి ప్రస్తావన ఉంది. పొగబెట్టిన మిరప కూడా ఆ జాబితాలో కనిపిస్తుంది.

సరుకు ఎంత సాదాదైనా ఫరవాలేదు, దానికి నిప్పు తగలాలి. సల్సా రుచంతా అక్కడే పుడుతుంది. 400 గ్రాముల టమాటా డబ్బాకు రెండు గువాహీయోలు, మూడు నాలుగు ఆర్బోల్ కాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, అర ఉల్లిపాయ చాలు. నూనె వేయని పెనం మీద వెల్లుల్లిని పొట్టుతోనే మచ్చలు పడేదాకా కాల్చాలి. ఉల్లి చక్రాలూ అంతే. మిరపకాయలకు మాత్రం క్షణాలే గడువు. తొడిమలు, గింజలు తీసి పెనానికి అదిమితే కాయ రంగు కాస్త ముదిరి, కమ్మటి వాసన వస్తుంది. అప్పుడే తీసెయ్యాలి. నల్లబడిందా, ఆ చేదు ఇక పోదు, వేరే కాయ తీసుకోవడమే మేలు. వేగిన మిరపకాయలను వేడినీళ్లలో పావుగంట నాననివ్వాలి. ఈలోగా డబ్బా టమాటాల నీరు వంపేసి, బాగా కాలిన పెనం మీద అక్కడక్కడా నల్లబడనిస్తే డబ్బా వాసన తగ్గి తీపి తేలుతుంది.

నూరడానికి మూడు కాళ్ల నల్లరాతి రోలు, మొల్కహేతె. ముందు ఉప్పుతో వెల్లుల్లి, తర్వాత మిరప, చివర టమాటా, ఉల్లి. ఉప్పు కళ్లు రాపిడికి పనికొస్తాయి. మిక్సీ వాడేవారు ఆపి ఆపి తిప్పాలి. ఎక్కువసేపు తిరిగితే గాలి చేరి రంగు వెలిసిపోతుంది.

టమాటా కూడా లేదంటే సల్సా మాచా. వెరాక్రూజ్ రాష్ట్రపు వంటకం, ఒరిజాబా ప్రాంతానికి పేరు తెచ్చింది. వెల్లుల్లి, వేరుశనగ గింజలు నూనెలో వేగాక, మంట ఆపి ఎండుమిర్చి, నువ్వులు వేస్తారు. చల్లారాక ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరుతారు. మిరప ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ నూనెలో బాగా కరుగుతుంది కాబట్టి కారం ముద్దంతా సమంగా పరుచుకుంటుంది. నూనెలో ఉన్న వెల్లుల్లిని బయట ఉంచితే బాచులిజం అనే ఆహార విషప్రమాదం ఉంది, సీసాను ఫ్రిజ్‌లోనే పెట్టాలి.

మెక్సికన్ కాయలు దొరకని తెలుగు ఇళ్లలో గువాహీయోకు బదులు బ్యాడిగి, ఆర్బోల్‌కు బదులు గుంటూరు తేజ బాగానే నప్పుతాయి. మన రోటి పచ్చడికి మిర్చిని నూనెలో వేయించే అలవాటును మాత్రం టమాటా సల్సా దగ్గర పక్కన పెట్టాలి. తేజ మరీ ఘాటు, మొదటిసారి రెండు కాయలతో ఆపడం మంచిది.